సైప్రస్ గుట్టల్లో అమ్మీ సఫర్



"రేపు జీప్ సఫారీ" అని తమ్ముడు అనగానే అమ్మీకి "సఫర్" అని వినిపించింది. "ఇంత దూరం చేసింది సఫర్ కాదా? మళ్ళీ ఇంకో సఫర్ కైకు రే?" అంది. మేమిద్దరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అమ్మీ విన్నదే సరి అనిపించింది. సఫారీ స్వాహిలీ మాట. మన అరబ్బీ "సఫర్" ఆఫ్రికా తీరానికి వెళ్ళి సఫారీ అయింది. ఇంగ్లీషువాళ్ళ నోట పడి, జీపు ఎక్కి, మళ్ళీ మన దగ్గరికే వచ్చింది.

సైప్రస్ మధ్యధరా సముద్రంలో ఒక దీవి. తమ్ముడు అక్కడ లిమసోల్ పట్నంలో ఓడల కంపెనీలో లెక్కలు చూస్తాడు. అబ్బా ఇంతెఖాల్ అయి రెండేళ్ళు. అమ్మీని ఒకసారి తన దగ్గరికి పిలిపించుకోవాలని వాడి అర్మాన్. నవంబరులో పది రోజులకని నేను అమ్మీని తీసుకుని వెళ్ళాను.

ఇది పైకి చెప్పే మాట. లోపలి మాట ఇంకొకటి ఉంది. కర్నూలు పాతబస్తీలో ఉన్న మా ఇల్లు అమ్మేయాలని నేనూ తమ్ముడూ ఆర్నెల్లుగా ఫోన్లలో మాట్లాడుకుంటున్నాం. ఆ ఇంట్లో అమ్మీ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. 2009 వరదల్లో నీళ్ళు నిలిచిన ఇల్లు, అప్పటి నుంచి గోడలకు చెమ్మ పోలేదు. కొనేవాళ్ళు దొరికారు. అమ్మీని హైదరాబాదులో నా ఫ్లాటుకు తెచ్చుకోవాలని ఆలోచన. ఈ సంగతి అమ్మీకి ఎవరు చెప్పాలన్నదే మస్‌అలా. "గుట్టల్లో తిప్పుదాం. మనసు ఖుష్ అవుతుంది. సాయంత్రం నువ్వే అడుగు ఆపా" అన్నాడు తమ్ముడు. ఆ జీపు టికెట్ల వెనక ఉన్న నియ్యత్ అది.

అమ్మీ నియ్యత్ వేరే. ఆమెకు సైప్రస్ అంటే ఒక్కటే: ఉమ్మె హరామ్ బిన్తె మిల్హాన్ రజియల్లాహు అన్హా మజార్. ఆ వాఖియా మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సహీహ్ బుఖారీలో ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆమె ఇంట్లో కునుకు తీసి చిరునవ్వుతో లేచారు. తన ఉమ్మత్‌లో కొందరు తఖ్తుల మీద బాద్‌షాల్లా సముద్రం మీద పోవడం చూశానన్నారు. వాళ్ళలో నేనూ ఉండాలని దువా చేయండి అని ఆమె అడిగారు. ఏళ్ళు గడిచాయి. హజ్రత్ ఉస్మాన్ ఖిలాఫత్ కాలంలో ఓడలు కదిలాయి. ఆమె ఆ ఓడల్లో సైప్రస్ చేరారు, ఇక్కడ సవారీ మీది నుంచి పడి షహీద్ అయ్యారు. మదీనా అన్సారుల ఆడబిడ్డ ఖబర్ ఈ దీవిలో ఉండిపోయింది.

"ముందు జియారత్, తర్వాత మీ గుట్టలు" అంది అమ్మీ. మజార్ లార్నకాలో విమానాశ్రయం పక్కనే ఉంది, తిరిగి పోయే రోజు చూద్దామని తమ్ముడు సర్దిచెప్పాడు. అమ్మీ ఊరుకుంది. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

పొద్దున ఎనిమిదికి జీపు వచ్చింది. పాత ల్యాండ్ రోవర్. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. పోలండ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం అప్పటికే ఎక్కి ఉన్నారు. గైడ్, డ్రైవరు ఒకరే. యాభై దాటిన మనిషి, ఎండకు కాలిన మొహం. అమ్మీ నడక చూసి ఏమీ అడక్కుండా ముందు డోరు తీశాడు. చిన్న స్టూలు దించి కాలి కింద పెట్టాడు. "మదర్ ముందు సీటు" అన్నాడు. పెద్దవాళ్ళతో ఇలాంటి సఫర్‌కు పోతే మీరూ ముందు సీటే అడగండి. వెనక బెంచీల మీద కుదుపులు నడుము తట్టుకోలేదు.

బండి రోడ్డెక్కగానే అమ్మీ వెనక్కి తిరిగి, "ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కన పోతున్నారే!" అంది. ఎందుకో గైడ్ చెప్పాడు. 1571 నుంచి తుర్కుల ఉస్మానీ సల్తనత్ కింద ఉన్న ఈ దీవిలోకి 1878లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. 1960లో స్వాతంత్ర్యం ఇచ్చి పోయారు. ఎడమ పక్క నడవడం వాళ్ళు వదిలిపోయిందే. తమ్ముడు తర్జుమా చేస్తే అమ్మీ తలూపింది. "మనింటికి వచ్చిన మెహమానులే వీళ్ళింటికీ వచ్చారన్నమాట" అంది.

ఊరు దాటగానే ద్రాక్ష తోటలు, వాటి పైన జైతూన్ చెట్లు. కాయలు కోసే కాలం. చెట్ల కింద వలలు పరిచి కొమ్మలు దువ్వుతున్నారు. ఇంకా పైకి పోతే పైన్ చెట్ల అడవి. అక్కడ తారు రోడ్డు అయిపోయింది. గైడ్ బండి ఆపి, ఇంకో చిన్న గేరు కర్ర లాగి, నాలుగు చక్రాలకూ పట్టు ఇచ్చాడు. ఆ తర్వాత అడవి మధ్యలో ఎర్ర మట్టి, గులక రాళ్ళు, ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఒక మలుపు దగ్గర వెనక చక్రం గులక మీద జారింది. బండి లోయ వైపు కొంచెం వాలి మళ్ళీ నిలబడింది. పోలండ్ ఆమె కేక వేసింది. అమ్మీ "యా అల్లాహ్" అని డాష్‌బోర్డు పట్టుకుంది, మరుక్షణం నవ్వింది. "మీ అబ్బా స్కూటర్ కూడా ఇట్లే నడిపేవాడు" అంది. కడుపులో తిప్పింది నాకు. బండి ఆపించుకుని వాంతి చేసుకున్నది నేను. అరవై ఎనిమిదేళ్ళ అమ్మీ ముందు సీట్లో నుంచి నిమ్మకాయ ఊరగాయ సీసా అందించింది. అది ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉన్న సంగతి అప్పటిదాకా మాకు తెలియదు.

ఆ కొండల పేరు ట్రూడోస్. అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఒలింపస్, 1,952 మీటర్లు. శిఖరం మీద రాడార్లు ఉన్నాయి, అక్కడికి పోనివ్వరు. కొంచెం కిందనే బండి ఆపాడు గైడ్. చలిగాలి. అమ్మీకి శాలువా కప్పాను. దూరంగా సముద్రం. గైడ్ ఒక రాయి ఏరి అమ్మీ చేతిలో పెట్టాడు. పచ్చగా, పాము చర్మంలా నున్నగా ఉంది. "ఇది సముద్రం అడుగున ఉన్న నేల కంటే లోతు నుంచి వచ్చింది" అన్నాడు.

ఆ కొండ కథ ఇదీ. సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ కొండ లేదు, దీవి లేదు. ఒక పాత సముద్రం ఉండేది. భూమి లోపల ఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే ఆ సముద్రపు నేల మెల్లగా పైకి లేచింది. పైన ఉన్న రాళ్ళు కోసుకుపోయాయి. అందుకే అన్నిటికంటే లోతున ఉండాల్సిన రాయి ఇక్కడ అన్నిటికంటే ఎత్తున ఉంది. సముద్రం అడుగు ఎలా ఉంటుందో కాలినడకన చూడాలంటే లోకంలో ఇంతకంటే మంచి చోట్లు అరుదట. దేశదేశాల నుంచి భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళు వస్తారు. ఈ రాళ్ళలోనే రాగి దొరికేది. లాటిన్‌లో రాగికి ఉన్న పేరు కూడా ఈ దీవి పేరు మీద వచ్చిందే.

తమ్ముడు ఇదంతా ఉర్దూలో చెప్పాడు. అమ్మీ రాయిని అటూ ఇటూ తిప్పింది. "అంటే నీళ్ళ కింద ఉన్నది పైకి వచ్చిందంటావు" అంది.

"అవును అమ్మీ."

"అయితే మా ఊరు ఎప్పుడొస్తుందో అడుగు."

తమ్ముడు నా మొహం చూశాడు. తర్జుమా చేయలేదు. గైడ్ అడిగాడు, ఏమన్నారని. "ఏమీ లేదు, రాయి బాగుందట" అన్నాడు వాడు.

ప్లాట్రెస్ అనే కొండ ఊరి దగ్గర మధ్యాహ్నం భోజనం. అక్కడి హోటళ్ళలో మాంసం అంటే పంది మాంసమే ఎక్కువ. మనవాళ్ళు వెళితే ముందే చెప్పి చేపలు చేయించుకోవచ్చు. ఆ చల్లటి నీళ్ళలో ట్రౌట్ చేపలు పెంచుతారు. నిప్పుల మీద కాల్చి నిమ్మరసం పిండి ఇచ్చారు. దాంతో రొట్టె, జైతూన్ కాయలు, హలూమీ అనే జున్ను. అమ్మీ తన ఊరగాయ తీసి గైడ్ పళ్ళెంలో కొంచెం వేసింది. అతను కళ్ళు మూసుకుని నమిలి, నీళ్ళు తాగి, మళ్ళీ చెయ్యి చాపాడు. పైసలు ఇవ్వనా అన్నట్టు సైగ చేస్తే అమ్మీ వద్దంది. అతను గుండె మీద చెయ్యి పెట్టి "హలాలి" అన్నాడు.

అమ్మీ ఉలిక్కిపడింది. అది వాళ్ళ గ్రీకులో ఉన్న మాటేనట. మనసారా ఇచ్చింది, దక్కాల్సినవాళ్ళకే దక్కింది అన్నప్పుడు అంటారు. తుర్కుల కాలంలో వచ్చి గ్రీకులో ఉండిపోయిన మాటలు ఇంకా చెప్పమన్నాను. లోకం దునియాస్. తోట బహ్‌చెస్. మనసులో దాచుకున్న బాధ దెర్తి, అది మన దర్ద్. కబురు హబారి, అది మన ఖబర్. అమ్మీ ఆ తర్వాత అతన్ని "భాయ్" అని పిలవడం మొదలుపెట్టింది. అతను దానికి పలికాడు కూడా.

భోజనం అయ్యాక కెలెఫోస్ వంతెన చూశాం. తుర్కుల కంటే ముందు దీవిని ఏలిన వెనిస్‌వాళ్ళ కాలం నాటిదంటారు. అడవి మధ్య వాగు మీద ఒకే ఒక రాతి కమాన్. ఒంటెల బార్లు రాగి మోసుకుని ఈ దారిన సముద్రానికి దిగేవని చెబుతారు. పోలండ్ జంట ఫొటోలు తీసుకుంటూ ఉంటే అమ్మీ నా చెయ్యి గిల్లింది. జుహర్ వక్త్ పోతోంది. నేను గైడ్‌ను అడిగాను, ఎక్కడైనా శుభ్రమైన చదును చోటు ఉందా, అమ్మీ నమాజ్ చదువుకోవాలి.

అతను కాసేపు టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత పోలండ్ వాళ్ళ దగ్గరికి పోయి, ముప్పావు గంట ఆలస్యమైనా పర్వాలేదా అని అడిగాడు. వాళ్ళు సరేనన్నారు. జీపు మామూలు దారి వదిలి పడమటి వైపు ఒక మట్టి బాట పట్టింది. ఆ రోజు మొత్తంలో అదే అన్నిటికంటే చెడ్డ దారి. వానకు కోసుకుపోయిన గాళ్ళు, మధ్యలో పడిన కొమ్మలు. ఒక మనిషి నడిచేంత వేగంతో పోయాం. చివర ఒక గుట్ట మీద ఒక ఊరు.

ఊరు అంటే గోడలు. రాతి ఇళ్ళు, పైకప్పులు లేవు. ఒక ఇంటి నడి గదిలో నుంచి అంజీరు చెట్టు మొలిచి కిటికీలోంచి బయటికి వచ్చింది. ఒక తలుపు మీద నీలం రంగు ఇంకా ఉంది. మనిషి లేడు. మేకల గంటలు ఎక్కడో వినబడుతున్నాయి. గైడ్ ఆ ఊరి పేరు రెండు రకాలుగా చెప్పాడు, గ్రీకులో ఒకటి, తుర్కీలో ఒకటి. ఊరి చివర చిన్న మస్జిద్. తలుపుకు గడియ లేదు, తీగ చుట్టి కట్టారు. అతను తీగ విప్పాడు.

లోపల దుమ్ము, పిచ్చుక గూళ్ళు. ఎదురు గోడలో మెహరాబ్ చెక్కుచెదరలేదు. పొద్దు నుంచి అమ్మీకి ఖిబ్లా సంగతి తేలలేదు. పుట్టినప్పటి నుంచి పడమటికి తిరిగి చదివిన మనిషి. ఇక్కడ మక్కా దక్షిణం వైపు, కొంచెం తూర్పుకు ఉందని తమ్ముడు ఫోన్‌లో చూపించినా మనసు ఒప్పుకోలేదు. ఆ మెహరాబ్ చూడగానే ఒప్పుకుంది. బయట బాదం చెట్టు కింద నేను చీపురులా కొమ్మతో ఊడ్చి జానమాజ్ పరిచాను. గైడ్ జీపులో నుంచి స్టూలు తెచ్చాడు. సీసా నీళ్ళతో వుజూ చేసి, ముసాఫిర్లం కాబట్టి నేనూ అమ్మీ రెండు రకాత్‌ల ఖసర్ చదివాం. ఆ ఊళ్ళో అంతకు ముందు నమాజ్ ఎప్పుడు జరిగిందో అల్లాహ్‌కే తెలుసు.

సలాం తిప్పాక అమ్మీ అడిగింది, "వీళ్ళంతా ఎక్కడికి పోయారు?"

గైడ్ గోడ మీద కూర్చుని చెప్పాడు. దీవిలో గ్రీకు మాట్లాడే క్రైస్తవులు ఎక్కువ, తుర్కీ మాట్లాడే ముస్లింలు తక్కువ. ఎన్నో ఊళ్ళలో కలిసే బతికారు. 1963 చివర కొట్లాటలు మొదలయ్యాయి. తుర్కులు చాలామంది ఇళ్ళు వదిలి తమవాళ్ళున్న చోట్లకు చేరారు. 1974 జూలైలో గ్రీసును ఏలే సైనికుల అండతో ఇక్కడ కుట్ర జరిగింది. అయిదు రోజులకు తుర్కీ సైన్యం దిగింది. దీవి రెండు ముక్కలైంది. ఉత్తరం నుంచి లక్షన్నరకు పైగా గ్రీకులు దక్షిణానికి వచ్చారు. దక్షిణం నుంచి నలభై వేలకు పైగా తుర్కులు ఉత్తరానికి పోయారు. ఈ ఊరివాళ్ళు అలా పోయినవాళ్ళే. ఇళ్ళ కాగితాలు ఇప్పటికీ వాళ్ళ పేరునే ఉన్నాయి, చూసుకునే బాధ్యత ప్రభుత్వానిది.

"నువ్వు ఎక్కడివాడివి భాయ్?" అంది అమ్మీ.

"ఉత్తరం. మోర్ఫూ వైపు. మాది నారింజ తోటల ఊరు. అప్పుడు నాకు ఆరేళ్ళు."

2003లో సరిహద్దు దాటనిచ్చినప్పుడు తండ్రిని తీసుకుని పోయాడట. వాళ్ళింట్లో ఉన్నవాళ్ళు, దక్షిణంలో ఇల్లు పోగొట్టుకుని పోయిన తుర్కులే, కుర్చీలు వేసి కాఫీ ఇచ్చారు. తండ్రి కాఫీ తాగాడు. ఏమీ అడగలేదు. తిరిగి వచ్చే దారిలో మాట్లాడలేదు. మళ్ళీ ఎప్పుడూ పోలేదు. సొంత ఊరికి పోవడానికి గుర్తింపు కార్డు చూపించాలా అని ఒక్కసారి అన్నాడట, అంతే.

తలుపుకు అతను మళ్ళీ తీగ చుడుతున్నాడు. తీగ కొత్తది, తుప్పు లేదు. నేను అడిగాను, ఇది ఎవరు కట్టారని.

"నేనే. ఇటు వచ్చినప్పుడు చూసి పోతాను. మేకలు దూరుతాయి."

"ఎందుకు?"

"మా ఊరి చర్చిలో పశువులను కట్టేశారు. నేను కళ్ళారా చూశాను. ఇక్కడ ఇది కడితే అక్కడ ఎవరైనా అది కడతారేమో."

తమ్ముడు దీన్ని పొల్లుపోకుండా తర్జుమా చేశాడు. అప్పుడు అమ్మీ, పొద్దున వాడు చెప్పకుండా మింగిన మాట తనే మొదలుపెట్టింది. "భాయ్‌కి చెప్పు. మా ఊరు నీళ్ళ కింద ఉంది."

అమ్మీ పుట్టిల్లు నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం డ్యాం వెనక నీళ్ళు నిలవడానికి వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. 1981 ఎండాకాలంలో ఆ ఊరి ఇళ్ళు పడగొట్టారు. అప్పుడు నేను అమ్మీ ఒళ్ళో ఉన్నాను. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది ఆ బాదం చెట్టు కింద విన్నాను. నానీ 1976లో పోయింది. ఆమె ఖబర్ ఆ ఊరి ఖబరస్తాన్‌లోనే ఉంది. ఊరివాళ్ళు తలుపులు, దూలాలు, గిన్నెలు బండ్ల మీద వేసుకున్నారు. ఖబర్‌ను ఏ బండి మీద వేసుకుంటారు? "ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి తేలుతుంది, జనం పోయి చూస్తారు. మా ఖబరస్తాన్‌లో కట్టడం ఏముంది? మట్టి కుప్పలు. ఒకసారి పోయి చూశాను. అంతా బురద. ఎక్కడ నిలబడి ఫాతిహా చదవాలో తెలియక నీళ్ళ వైపు తిరిగి చదివి వచ్చాను."

నలభై ఏళ్ళలో అమ్మీ ఈ మాట మాతో అనలేదు. మేమూ అడగలేదు.

గైడ్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పొద్దున ఇచ్చిన రాయి గుర్తుచేసి, "మీ ఊరు పైకి రావడానికి చాలా కాలం పడుతుంది మదర్" అన్నాడు. అమ్మీ నవ్వింది. "ఖయామత్ దాకా టైముంది" అంది.

దిగేటప్పుడు పొద్దు వాలుతోంది. వెనక బెంచీ మీద తమ్ముడు నా మోకాలు తట్టి కళ్ళతో అడిగాడు, ఎప్పుడు చెబుతావని. నేను బయటికి చూశాను.

ఆ రాత్రి చాయ్ తాగుతూ అమ్మీయే తెచ్చింది. "ఇల్లు ఎంతకు అడుగుతున్నారు?"

ఇద్దరం కొయ్యబారిపోయాం. కొనేవాళ్ళు ఒక మధ్యాహ్నం వచ్చి వీధిలో నుంచి కొలతలు తీసుకున్నారట. పక్కింటి ఖాలా అప్పుడే చెప్పిందట. నెల రోజులుగా అమ్మీకి అంతా తెలుసు.

"అమ్మండి. గోడలకు ఏముంది. ఒక ఇల్లు ప్రభుత్వం పడగొడితే చూసినాను. ఇది మీరు అమ్మితే చూడలేనా? ఆ రోజు మా అబ్బాను ఎవరూ అడగలేదు, కాగితం చేతిలో పెట్టినారు. మీరు నన్ను అడగండి, అంతే. కానీ హైదరాబాద్ నక్కో. మా అమ్మ ఖబర్‌కు నేను పోలేను. మీ అబ్బా ఖబర్‌కు ఆటోలో పది నిమిషాలు. అది వదిలి నేను ఎక్కడికీ రాను. కర్నూల్లోనే కింది అంతస్తులో చిన్న ఇల్లు చూడండి, మెట్లు లేకుండా."

మేం ఆర్నెల్లుగా ఇంటి గురించి మాట్లాడుకున్నాం. అమ్మీ ఆలోచన ఇంటి గురించి కానే కాదు.

తిరిగి వచ్చే రోజు లార్నకా పోయాం. ఉప్పు సరస్సు ఒడ్డున, ఖర్జూర చెట్ల మధ్య తెల్లటి మస్జిద్. రాజహంసలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ చోటును హలా సుల్తాన్ తెక్కె అంటారు. తుర్కీలో హలా అంటే అత్త. మాట మాత్రం మన ఖాలాయే. ఖబర్ దగ్గర అమ్మీ చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ అంది: "ఎక్కడి మదీనా, ఎక్కడి ఈ ఊరు. అయినా ఎవరో ఒకరు సలాం చెప్పడానికి వస్తూనే ఉన్నారు. అమ్మ పేరున కూడా చదివినాను. ఇక్కడి నుంచి చేరదా?"

"చేరుతుంది అమ్మీ" అన్నాను. ఆ మాట అంటుంటే నెత్తి మీద విమానం దిగింది.

ఇల్లు అమ్మేశాం. చివరి రోజు తాళం అమ్మీయే వేసి, తన చేత్తోనే వాళ్ళకు ఇచ్చింది. ఇప్పుడు కింది అంతస్తు కిరాయి ఇంట్లో ఉంటుంది. కిటికీలో ఆ పచ్చ రాయి ఉంది. జుమేరాత్ పొద్దున ఆటో వస్తుంది. నేను కర్నూలు పోయినప్పుడు ఆమెతో పాటు పోతాను. అబ్బా ఖబర్ మీద గడ్డి పీకి ఫాతిహా చదువుతుంది. తర్వాత నది ఉన్న దిక్కుకు తిరిగి రెండో ఫాతిహా చదువుతుంది. అల్లాహ్ కబూల్ చేయుగాక.